అప్‌డేట్: ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ చేతికొచ్చింది

కర్ణాటక సంగీతానికి మాండలిన్ చేయించుకోవాలంటే ఎనిమిది తీగలా (నాలుగు జంటలు), ఐదు ఒంటి తీగలా అని మార్చిలో అడిగాను కదా. ఐదుకే వెళ్లాను. జంట తీగల్ని లాగి గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) పలికిస్తే రెండూ సమానంగా సాగక అపస్వరం వస్తోంది. ఒంటి తీగకి ఆ గొడవ లేదు. మన పాలకొల్లు మాండలిన్ విద్వాంసుడు యు. శ్రీనివాస్ గారు వాయించిందీ ఐదు ఒంటి తీగల మీదే.

బాడీ బోలు లేని పనస చెక్క. నాదం నిలుస్తోంది, బరువు మాత్రం భుజానికి తెలుస్తోంది.

అసలు టెన్షన్ పెట్టింది ఐదో తీగ, అన్నిటికన్నా కింది శ్రుతిలో ఉండే సి (C) స్వరం తీగ. స్కేలు (తీగ మోగే పొడవు) 14 అంగుళాలే కాబట్టి 42 గేజ్ తీగ (0.042 అంగుళాల మందం) తాడులా వేలాడింది. కొంచెం గట్టిగా మీటితే శ్రుతి పైకెళ్లి మళ్లీ దిగేది. ఇంకా లావైన 52 వేయించాను, దానికోసం నట్‌లో (మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాడి వెడల్పు చేయాల్సొచ్చింది. ఇప్పుడు గమకాలు ఎక్కువుండే తోడి రాగం కూడా నిలబడుతోంది. మళ్లీ చేయిస్తే స్కేలే ఒక అంగుళం పెంచమంటాను.

పికప్ (తీగల కదలికని విద్యుత్ సంకేతంగా మార్చేది) హంబకరే, అంటే గుయ్‌మనే రొదని తగ్గించే రెండు చుట్టల రకం. ఒకే చుట్ట ఉండే సింగిల్ కాయిల్ వద్దన్నవాళ్లకి థ్యాంక్స్, మా ఇంటి ట్యూబ్‌లైట్ కింద కూడా గుయ్‌మనడం లేదు.