అప్‌డేట్: అమ్మ విజిటర్ వీసా, గ్రీన్ కార్డు సంగతి

పోయిన నెల అడిగాను కదా: అమెరికా పౌరుడైన మా అన్నయ్య దగ్గరికి అమ్మ బీ2 వీసా మీద వెళ్తోంది, వెళ్లాక అక్కడే గ్రీన్ కార్డుకు అప్లై చేసేయమని ఇక్కడ తిరుపతిలో ఒక ఏజెంటు చెప్పాడు, చేయొచ్చా అని. ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ నమస్కారం.

అన్నయ్య అక్కడ లాయర్‌ను కలిశాడు. పౌరుల తల్లిదండ్రులు అక్కడ ఉండగానే ఐ-485 (గ్రీన్ కార్డు అప్లికేషన్) వేయడానికి చట్టంలో దారి ఉంది. కానీ ఆ ఉద్దేశం ముందే పెట్టుకుని, ఎయిర్‌పోర్టులో ఆఫీసర్‌తో "కొడుకును చూసి వెళ్లిపోతా" అంటే అది అబద్ధమాడి లోపలికి వెళ్లడమే. అలా తేలితే ఇక జన్మలో వీసా రాకపోవచ్చు. వెళ్లిన 90 రోజులు దాటాక వేస్తే భయం లేదన్న ఏజెంటు మాటకూ గ్యారంటీ లేదట.

ఇంకోటి, అప్లికేషన్ పెండింగ్‌లో ఉండగా అడ్వాన్స్ పెరోల్ (బయటికెళ్లి తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) లేకుండా దేశం దాటితే దాన్ని వదులుకున్నట్టే. చిత్తూరులో అమ్మమ్మకు 84 ఏళ్లు. "మా అమ్మకేమన్నా అయితే నేను రాలేనా?" అంటూ అమ్మ సూట్‌కేసులో పెట్టబోయిన చీర మళ్లీ మంచం మీద పెట్టేసింది. నాకు నోట మాట రాలేదు.

టికెట్ క్యాన్సిల్ చేశాం. అన్నయ్య అక్కడి నుంచే ఐ-130 (అమ్మ కోసం కొడుకు పెట్టే పిటిషన్) వేశాడు. అది మంజూరయ్యాక ఇంటర్వ్యూ ముంబై కాన్సులేట్‌లో. ఆలస్యమవుతుంది, అయినా అమ్మ ఇప్పుడు టెన్షన్ లేకుండా నిద్రపోతోంది. ఏజెంటుకిచ్చిన అడ్వాన్స్ మాత్రం ఇంకా తిరిగి రాలేదు, అడుగుతూనే ఉన్నాను.