అప్‌డేట్: కాటి సీను తెర సంగతి

శివరాత్రి జాగారానికి మా ఊళ్ళో హరిశ్చంద్ర కాటి సీను వేస్తున్నాం, శ్మశానం తెర భయం పుట్టేలా ఎలా చేయాలి అని అడిగా కదా, నాటకం అయిపోయింది, అందుకే ఈ అప్‌డేట్.

ఫ్లెక్సీ వద్దన్నవాళ్ళకి దండం అండి. లైటు పడితే అది తళతళ మెరిసిపోద్ది, సమాధులు కూడా పెళ్ళి బ్యానర్‌లా ఉంటాయి. గాడా గుడ్డ, అదే ముతక నూలు బట్ట, తెచ్చి మైదా జిగురు పట్టించి డిస్టెంపర్‌తో గీయించాం. మర్రిచెట్టుకి ఉత్త నలుపు వద్దు, ముదురు నీలంలో కాస్త బూడిద రంగు కలపండి అన్నారు చూడండి, అది నూటికి నూరుపాళ్ళు నిజం, నలుపైతే దూరం నుంచి కొమ్మలన్నీ కలిసిపోయి ముద్దగా కనబడుద్ది.

అసలు హిట్టు మాత్రం దోమతెర ఐడియానే. స్టేజీ మధ్యలో నెట్టు కట్టి దాని మీద పొగమంచు, ఎండుకొమ్మలు పల్చగా వేశాం, ముందు వైపు నుంచి లైటు ఏటవాలుగా కొడితే ఆ బొమ్మే కనబడుద్ది, వెనక ఏముందో తెలీదు, అది తగ్గించేసి వెనక లైటు వేయగానే నెట్టు మాయమైపోయి చితి, పక్కన కర్ర పట్టుకుని హరిశ్చంద్రుడు! ముందు వరస పిల్లలు అమ్మల ఒళ్ళోకి దూరిపోయారు. చితికి నిప్పేం పెట్టలేదు, నారింజరంగు గుడ్డపీలికలు, కింద టేబుల్ ఫ్యాను, ఎర్ర బల్బు, అంతే. ఫ్యాను గోల మైకులో వినబడిందని హార్మోనియం మాస్టారు కోప్పడ్డారు, ఆయన కోప్పడనిది ఎప్పుడులే.

గాలికి తెర ఊగకుండా అడుగున వెదురు బొంగు కుట్టించుకోండి. తర్వాత దానికే చుట్టి దాచండి, మడత పెడితే రంగు పెచ్చులూడిపోద్ది.