చీరాల వదిలి హైదరాబాదు ఉద్యోగానికి వెళ్ళాలా? అనుభవం ఉన్నవారు చెప్పండి

పేరాల కుర్రవాడు
నాకు 26 ఏళ్ళు. బీకాం చదివి, చీరాలలో ఒక బట్టల టోకు దుకాణంలో నాలుగేళ్ళుగా పద్దులు రాస్తున్నాను. జీతం 16,000. ఇప్పుడు మాదాపూర్‌లోని ఒక సంస్థ ఏడాదికి 4,20,000 రూపాయలంటూ ఆఫర్ లెటర్ పంపింది. నాన్నగారు గుంట మగ్గం మీద కుప్పడం చీరలు నేస్తారు. అంచు నాడె, అంటే అడ్డ నూలును అటూ ఇటూ నడిపే పనిముట్టు, అందుకోవడానికి మగ్గం అవతలి పక్కన రెండో మనిషి కావాలి. అమ్మకు మోకాళ్ళ నొప్పులు వచ్చినప్పటి నుంచి పొద్దున మూడు గంటలు, రాత్రి రెండు గంటలు ఆ పక్కన కూర్చుంటున్నది నేనే. నేను అడగదలచినవి మూడు: ఆ జీతంతో అక్కడ బతికి ఇంటికి ఏమైనా పంపగలనా, మొదట హాస్టల్లో ఉండాలా లేక గది తీసుకోవాలా, మగ్గం సంగతి ఏం చేయాలి? పదిహేను రోజుల్లో జవాబు చెప్పాలి.

మూడో అంతస్తు, కూకట్‌పల్లి
హాస్టల్ మాట నన్నడగండి. నేను 2016లో నరసరావుపేట నుంచి వచ్చి అమీర్‌పేటలో ముగ్గురు పట్టే గదిలో నలుగురితో కలిసి ఏడాదిన్నర ఉన్నాను. ఐదింటికి ముందు లేస్తేనే స్నానానికి నీళ్ళు దొరికేవి. రాత్రి ఆలస్యమైతే సాంబారులో నీళ్ళు కలిపి పెట్టేవారు. కడుపులో పుండు పడి మందులకు పెట్టిన డబ్బుతో వేరే గది అద్దె కట్టుకోగలిగేవాణ్ణి. అమీర్‌పేట నుంచి మాదాపూర్ పక్కనే ఉన్న హైటెక్ సిటీకి మెట్రో 2019 మార్చిలో వచ్చింది కాబట్టి ఇప్పుడు ఆఫీసు పక్కనే ఉండాల్సిన అవసరం లేదు. మెట్రో దారిలో ఎక్కడైనా ఇద్దరు కలిసి ఒక గది తీసుకుని, వంట మీరే చేసుకోండి.

జీతాల పట్టిక
తక్కినవి తరవాత, ముందు లెక్క చూసుకోండి. ఇలాంటి ఆఫర్ లెటర్లు నేను 22 ఏళ్ళుగా తయారు చేస్తున్నాను. 4,20,000 అంటే నెలకు 35,000 చేతికొస్తుందని అనుకోవద్దు. అందులో పదో వంతు పనితీరును బట్టి ఏడాది చివర ఇచ్చేదైతే నెలకు 3,500 పక్కకు పోతుంది. యజమాని కట్టే పీఎఫ్ (భవిష్య నిధి) 1,800 కూడా ఆ మొత్తంలోనే కలిపి చూపిస్తారు. బేసిక్ (మూల వేతనం) 17,500 అయితే దాని మీద గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే మొత్తం కోసం పక్కన పెట్టేది, 4.81 శాతం, అంటే 842. మిగిలిన 28,858లోంచి మీ వాటా పీఎఫ్ 1,800, వృత్తిపన్ను 200 తీసేస్తే చేతికి వచ్చేది 26,858. ఆరోగ్య బీమా ప్రీమియం కూడా అందులోనే కలిపితే ఇంకా తగ్గుతుంది. చేరకముందే నెలవారీ విభజన కాగితం అడిగి తీసుకోండి.

కందుకూరు బిడ్డ
పీఎఫ్ గురించి అంత తేలికగా రాశారు గానీ ఆ డబ్బు చేతికి రావడం ఎంత కష్టమో మీరు రాయలేదు. నేను మూడేళ్ళు ఒక సంస్థలో చేసి మానేశాను. ఆధార్‌లో నా ఇంటిపేరు పూర్తిగా ఉంది, వాళ్ళ రికార్డులో పొడి అక్షరం మాత్రమే ఉంది. ఆ ఒక్క తేడాతో పద్నాలుగు నెలలు తిరిగాను. చెల్లెలి పెళ్ళికి పనికొస్తుందనుకున్న డబ్బు పెళ్ళయిన ఆరు నెలలకు వచ్చింది. చేతికి రాని డబ్బును జీతమని చూపించడం మోసమే.

జీతాల పట్టిక
మోసమనే మాట వాడకండి. మీ వాటా పూర్తిగా మీ ఖాతాలోకే వెళుతుంది. యజమాని వాటాలో 15,000 మీద 8.33 శాతం, అంటే 1,250, పింఛను పథకానికి వెళ్ళి, తక్కిన 550 మీ ఖాతాలో పడుతుంది. పదేళ్ళ సర్వీసు నిండితే పింఛనుకు అర్హత వస్తుంది. చేరిన రోజు ఫారంలో పేరు ఎలా రాశారో మీరు చూసుకోకపోతే అది పథకం తప్పెలా అవుతుంది?

కందుకూరు బిడ్డ
ఆ ఫారం నింపింది నేను కాదు, సంస్థవాళ్ళు. ఊరి నుంచి సంచీతో దిగిన 22 ఏళ్ళ కుర్రాడికి ఏ గడిలో ఏం రాశారో చూసుకోవాలని ఎవరు చెప్పారు? మీరు జీతాలు పంచే వైపు కూర్చుని మాట్లాడుతున్నారు. ఇక్కడ అడిగిన అబ్బాయి నెలకు ఇంటికి ఎంత పంపగలడని అడిగాడు. యాభై ఎనిమిదో ఏట వచ్చే పింఛను గురించి కాదు.

జీతాల పట్టిక
మీకు జరిగినదానికి నిజంగా బాధపడుతున్నాను, ఎందుకంటే అలాంటి తప్పులు సరిదిద్దించడంలోనే నా సగం ఉద్యోగం గడిచింది. అయినా రెండు వాటాలూ కలిపి నెలకు పడే ఆ 3,600 లేకుండా నగరంలో పదేళ్ళు బతికి వట్టి చేతులతో ఊరికి తిరిగి వెళ్ళినవాళ్ళనూ చూశాను. పేరాల అబ్బాయీ, ఆధార్, పాన్, బ్యాంకు పాసుపుస్తకం మూడింటిలోనూ మీ పేరు ఒకేలా ఉందో లేదో ఈ రోజే చూసుకోండి.

వేటపాలెం వాణ్ణి
మన ప్రాంతం వాళ్ళకు ఊరు వదలడం కొత్తేమీ కాదు. 1921లో పురపాలక సంఘం పన్నులు కట్టబోమని, స్వాతంత్ర్య సమరయోధుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి పిలుపు మీద చీరాల, పేరాల జనం ఇళ్ళు విడిచి ఊరి బయట రామనగరంలో పాకలు వేసుకుని పదకొండు నెలలు ఉన్నారు. ఎండకూ వానకూ ఓర్చుకున్నారు. ఆ గడ్డ మీద పుట్టినవాడు మాదాపూర్‌కు వెళ్ళడానికి జంకకూడదు.

మగ్గం ఇల్లు, జాండ్రపేట
అన్నా, ఆ పోలిక నాకు నచ్చలేదు. వాళ్ళు ఊరంతా కలిసి వెళ్ళారు, ముసలివాళ్ళను కూడా వెంటబెట్టుకుని వెళ్ళారు. ఈ తమ్ముడు ఒక్కడే వెళ్ళాలి, వెనక తండ్రి ఉంటాడు. అందరూ జీతం మీదే మాట్లాడుతున్నారు, మగ్గం గురించి ఒక్కరూ చెప్పలేదు.

మా ఇంట్లోనూ ఇదే జరిగింది. తమ్ముడు 2019లో బెంగళూరు వెళ్ళాడు. నాన్న రెండో మనిషిని కూలికి పెట్టుకున్నారు. అతను కుదురుగా రాక, చీరకు పట్టే రోజులు ఎక్కువై, షావుకారు నూలు ఇవ్వడం తగ్గించాడు. వానాకాలంలో గుంటలోకి నీళ్ళు ఊరితే ఎలాగూ పని ఆగుతుంది. కాబట్టి తమ్ముడూ, రెండో మనిషిని పెట్టి ఇదే నేత కొనసాగించడం కంటే, ఒక్కరే నేయగల సాదా అంచు చీరలకు మారడానికి మీ నాన్నగారు ఒప్పుకుంటారేమో అడగండి. మజూరీ తగ్గుతుంది. ఆ తగ్గిన మేరకు మీరు పంపగలిగితే ఇల్లు నిలుస్తుంది.

ఒంగోలు అక్క
వెళ్ళడమా మానడమా అన్న రెండే దారులన్నట్టు మాట్లాడుతున్నారు. నేను తొమ్మిదేళ్ళు హైదరాబాదులో పద్దుల పని చేసి, అమ్మకు పక్షవాతం వచ్చినప్పుడు తిరిగి వచ్చేశాను. ఫోను రాత్రి తొమ్మిదింటికి వచ్చింది. సంక్రాంతి ముందు రోజులు కావడంతో రైల్లో చోటు దొరకక, మూడు బస్సులు మారి మర్నాడు మధ్యాహ్నానికి చేరాను. అప్పటికే అమ్మకు మాట పోయింది. ఆ పదిహేను గంటలు నేను ఈనాటికీ మరిచిపోలేదు.

ఇప్పుడు ఒంగోలులోనే 43 దుకాణాలకు జీఎస్టీ రిటర్నులు వేస్తున్నాను. ప్రతి నెలా 20వ తేదీ దగ్గరపడే కొద్దీ రాత్రి పదకొండు దాకా పని ఉంటుంది, ఖర్చులు పోను 30,000కు తగ్గకుండా మిగులుతుంది. చీరాలలో ఎన్ని బట్టల దుకాణాలున్నాయో నాకంటే మీకే బాగా తెలుసు. అయితే ఒక మాట నిజం: నగరంలో ఆ తొమ్మిదేళ్ళు పని నేర్చుకోకపోతే ఇక్కడ నన్ను ఎవరూ నమ్మి లెక్కలు అప్పగించేవారు కాదు.

మూడో అంతస్తు, కూకట్‌పల్లి
అద్దెకు రెండు నెలల అడ్వాన్సు అడుగుతారు, ముందే సర్దుకోండి. ఖాళీ చేసేటప్పుడు రంగుల పేరుతో కొంత కోసుకుంటారు, చేరేటప్పుడే గోడలకు ఫోటోలు తీసి పెట్టుకోండి.

పేరాల కుర్రవాడు
అందరికీ నమస్కారం. విభజన కాగితం అడిగాను, పంపారు. జీతాల పట్టికగారు చెప్పినట్టే ఉంది, బీమా ప్రీమియం కూడా పోను చేతికి 26,300 వస్తుందట. పాన్‌లో నా పేరు వేరుగా ఉంది, సరిదిద్దడానికి దరఖాస్తు పెట్టాను.

నిన్న రాత్రి నేత ఆపాక నాన్నగారితో సాదా అంచు మాట అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత నాడె చేతిలోకి తీసుకుని, "ఈ పడుగు అయిపోనీ" అన్నారు. మగ్గం మీదున్న ఆ నిలువు నూలుతో నేయాల్సినవి ఇంకా రెండు చీరలు ఉన్నాయి. పద్దెనిమిది రోజులు ఆలస్యంగా చేరతానని సంస్థకు రాశాను. అక్కా, సెలవులకు వచ్చినప్పుడు మీ దగ్గర కూర్చుని జీఎస్టీ పని చూడవచ్చా?

ఒంగోలు అక్క
రండి నాయనా. 20వ తేదీకి ముందు మాత్రం రావద్దు.