హోమ్‌స్టేక్ గని లోతులో రాతి ఒత్తిడి లెక్క, ఎవరైనా సాయం చేస్తారా?

అమెరికాలో సౌత్ డకోటాలోని పాత హోమ్‌స్టేక్ బంగారు గని, ఇప్పుడు శాన్‌ఫర్డ్ ల్యాబ్ అనే భూగర్భ పరిశోధనశాల, అందులో 4850 అడుగుల లోతు మీద ఎంటెక్ ప్రాజెక్టుకి మోడల్ చేస్తున్నాను. పైనున్న రాతి బరువుకి నిలువు ఒత్తిడి సుమారు 40 మెగాపాస్కల్స్ వస్తోంది, అక్కడే జరిగిన కిస్మెట్ అనే ప్రయోగంలో బోరులోకి నీళ్లు పంప్ చేసి రాయిని చీల్చి కొలిస్తే అడ్డంగా ఉండే కనిష్ఠ ఒత్తిడి దాదాపు 22 మాత్రమే. అది సరే. నా టెన్షన్ వేరే: సొరంగంలో ఏళ్ల తరబడి గాలి ఆడి గోడ దగ్గర రాయి చల్లబడింది కదా (మధ్యలో, 2003లో పంపులు ఆపేశాక, కొన్నేళ్లు నీళ్లలో కూడా ఉంది), కుంచించుకుంటే అక్కడ ఒత్తిడి ఇంకా తగ్గాలి. ఆ ప్రభావం గోడ నుంచి ఎన్ని మీటర్ల దాకా తీసుకోవాలి? పైగా అది పొరలు పొరలుగా ఉండే ఫిల్లైట్ అనే రాయి, అన్ని దిక్కులా ఒకే గట్టిదనం పెడితే చీలిక దిశ తప్పు రాదా? కేజీఎఫ్ లాంటి లోతు గనుల్లో పనిచేసినవాళ్లుంటే చెప్పండి ప్లీజ్.