ఆయాసానికి భయపడి వ్యాయామం మానేసిన నాన్నగారిని ఎలా ఒప్పించాలి?

మా నాన్నగారికి 67 ఏళ్లు, సి.ఓ.పి.డి. (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక జబ్బు) ఉంది. ఊపిరితిత్తుల వైద్యులు ఇన్‌హేలర్‌తో పాటు 8 వారాల వ్యాయామాన్నీ చీటీలో రాశారు: వారానికి రెండు రోజులు ఫిజియోథెరపిస్టు వద్ద, మిగిలిన రోజుల్లో ఇంటి దగ్గర 20 నిమిషాల నడక. మూడో వారంలో మెట్లెక్కుతుండగా ఆయాసం రావడంతో, జబ్బు ముదురుతోందనుకుని మానేశారు. రక్తంలో ఆక్సిజన్ మాత్రం అప్పుడు 93 శాతం కన్నా తగ్గలేదు. కదలకపోతే కాళ్ల కండరాలు బలహీనపడి, కొద్దిపాటి నడకకే మరింత ఆయాసం వస్తుందని వైద్యులు వివరించినా, నేను పక్కనే నడిచినా, పల్స్ ఆక్సీమీటర్ చూపించినా, నడకను సాయంత్రానికి మార్చినా ఫలితం లేకపోయింది. ఇన్‌హేలర్‌ను ఒక్క పూట కూడా మరువని మనిషి, అదే చీటీలోని నడకను మందుగా ఎంచకపోవడం నన్ను ఎంతో బాధిస్తోంది. ఇలా ఆపేసి తిరిగి మొదలుపెట్టినవారినీ, వారి ఇంటివారినీ అడుగుతున్నాను: ఆయాసమంటే భయం పోవడానికి మీకు నిజంగా పనికొచ్చినదేమిటి?