సహోద్యోగి నిరాశను గమనించినప్పుడు ప్రస్తావించాలా?

ప్రశ్న:
మా బృందంలో ఒకరు నెలల తరబడి శ్రమించి తయారుచేసిన నివేదికను పై అధికారులు పక్కన పెట్టారు. ఆ సంగతి సమావేశంలో చెప్పగానే ఆయన ముఖం వాడిపోయింది. కంప్యూటర్ మూసేసి, చివరిదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. బృంద నాయకురాలిగా నేను దీన్ని ప్రస్తావించడం మంచిదా, లేక ఆయన సొంత విషయమని ఊరుకోవడమే మర్యాదా?

మొదటి జవాబు:
ప్రస్తావించండి, అయితే నలుగురిలో వద్దు. విడిగా కలిసి, "ఆ నిర్ణయం మీకు నిరాశ కలిగించినట్టు నాకనిపించింది" అని చెప్పి ఆగండి. కాదనే వీలు కూడా ఆయనకు ఉండాలి. వెంటనే ఓదార్పు, సలహాలు మొదలుపెడితే ఆయన చెప్పదలచుకున్నది గొంతులోనే ఉండిపోతుంది.

రెండవ జవాబు:
2007లో మనస్తత్వ శాస్త్రవేత్త మాథ్యూ లీబర్‌మన్ బృందం ప్రచురించిన మెదడు స్కానింగ్ పరిశోధనలో, కోపమో భయమో కనిపించే ముఖచిత్రాలకు తగిన భావపదాన్ని ఎంచుకున్నప్పుడు అమిగ్డలా (భయం వంటి భావోద్వేగాలకు స్పందించే మెదడు భాగం) స్పందన తగ్గినట్టు తేలింది. భావానికి పేరు పెట్టడం మేలనడానికి ఇదొక ఆధారమే. కానీ అది ప్రయోగశాలలో ఫొటోలు చూసినవారి సంగతి. తన పనితీరును అంచనా వేసే అధికారి ఎదుట కూర్చున్న వ్యక్తి మనసు విప్పడానికి జంకడం సహజం. అందుకే ఆయన మౌనంగా ఉంటే ఒత్తిడి చేయకండి.

మూడవ జవాబు:
సానుభూతి సరే, నివేదికను ఎందుకు పక్కన పెట్టారో ఆయనకు ఎవరైనా చెప్పారా? కారణం దాచి బాధను మాత్రం గుర్తిస్తే, అది బుజ్జగింపుగానే కనిపిస్తుంది. ముందు ఆ కారణం తెలుసుకుని, తర్వాత ఆయనను కలవండి.