వెనక కూర్చున్నవాడు రైడరా కాదా? చలానా ఎవరు కట్టాలి?

రాంనగర్_రాజు:
మా బావమరిది రోజూ నా బండెక్కి మెట్రో స్టేషన్ దాకా వస్తాడు. నిన్న చూసుకుంటే చలానా ఉంది, వెనక మనిషికి హెల్మెట్ లేదని ఫొటోతో సహా. డబ్బులివ్వరా అంటే "రైడర్‌వి నువ్వు బావా, నేను ఊరికే కూర్చున్నా" అంటాడు. రైడర్ అంటే హ్యాండిల్ పట్టుకున్నవాడేనా?

పల్సర్_పిచ్చోడు:
అంతే కదా. "నేను రైడ్ చేస్తా, తాళాలివ్వు" అంటే నడుపుతానని. ఇందులో చర్చేముంది.

మఫసిల్_వకీలు:
ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 129లో మొదట్నుంచీ "డ్రైవింగ్ ఆర్ రైడింగ్" అని రెండు మాటలున్నాయి. నడపడానికి డ్రైవింగ్ అన్నాక రైడింగ్ అంటే బండెక్కి పోవడమే, ముందైనా వెనకైనా. 2019 సవరణలో "బీయింగ్ క్యారీడ్" అని కూడా చేర్చి, నాలుగేళ్లు దాటిన అందరికీ హెల్మెట్ తప్పదన్నారు. తలపాగా కట్టుకున్న సిక్కులకు మినహాయింపు.

చిన్నోడు_సిక్కోలు:
ర్యాపిడోలో రైడ్ బుక్ చేసేది వెనక కూర్చునేవాడే. నడిపేవాణ్ణి కెప్టెన్ అంటారు.

పల్సర్_పిచ్చోడు:
అది యాప్ వాళ్ల భాష. మా గ్రూపులో వెనక సీట్లో కూర్చుని వచ్చినవాణ్ణి ఎవడూ రైడర్ అనడు. అందుకే పిలియన్ అని వేరే మాట ఉంది.

మఫసిల్_వకీలు:
పిలియన్ అంటే సీటు బాబూ. ఆ సీట్లో కూర్చున్నవాడు పిలియన్ రైడర్. రైడర్ ఎక్కడికీ పోలేదు.

రాంనగర్_రాజు:
అయితే వాడూ రైడరే, కట్టాల్సింది వాడే. స్క్రీన్‌షాట్ పెడుతున్నా వాడికి.

మఫసిల్_వకీలు:
ఆగండి. జరిమానా అదే చట్టం సెక్షన్ 194డిలో ఉంది, వెయ్యి రూపాయలు. అక్కడ రాసింది బండి నడిపినవాడికి, లేదా నడపనిచ్చినవాడికి. హెల్మెట్ పెట్టుకోవాల్సింది ఇద్దరూ, దొరికేది మీరు.

రాంనగర్_రాజు:
ఇదేం న్యాయమండీ! పెట్రోల్ నాది, సర్వీసింగ్ నాది, వాడి జుట్టు చెదురుతుందని హెల్మెట్ పెట్టుకోకపోతే జరిమానా కూడా నాదేనా? మీరు ఎవరి తరఫు వకీలు?

వెనకసీటు_వాణి:
జరిమానా సంగతి సరే. మా అక్క స్కూటర్ మీద వెనక కూర్చుని పడితే కాలు విరిగింది. ఇన్సూరెన్స్ వాళ్లు మాత్రం ఈ పాలసీ వెనకున్నవాళ్లకు వర్తించదన్నారు. హెల్మెట్‌కేమో రైడర్, ఆసుపత్రి బిల్లుకేమో ఎవరూ కాదు.

మఫసిల్_వకీలు:
అది ఉత్త థర్డ్ పార్టీ పాలసీ, అంటే బయటివాళ్లకు జరిగిన నష్టానికే ఇచ్చేది, అయ్యుంటుందమ్మా. దాని కింద వెనకున్నవాళ్లకు రాదని 2006లో సుప్రీంకోర్టే చెప్పింది. అన్నీ కలిపి ఇచ్చే ప్యాకేజీ పాలసీ అయితే వస్తుంది. రాజుగారూ, మీదేదో చూసుకోండి.

రాంనగర్_రాజు:
పాలసీ నేను తీసుకోలేదు, బండితోపాటు వచ్చింది.

వెనకసీటు_వాణి:
బండి ఎక్కణ్ణుంచి వచ్చింది సార్?

రాంనగర్_రాజు:
పెళ్లికి పెట్టారు. అయితే ఏంటి? ఆ వంకతోనే కదా మూడిళ్ల అవతల మకాం పెట్టి, పొద్దున్నే దర్జాగా మా గుమ్మం ముందు నిలబడుతున్నాడు, మా నాన్న బండే కదా అని! మా ఆవిడ కూడా వాడి వైపే.

మఫసిల్_వకీలు:
ఆర్‌సీ ఎవరి పేరున ఉంది?

రాంనగర్_రాజు:
మామగారి పేరున. మార్పించుకోవాలి.

చిన్నోడు_సిక్కోలు:
😂😂 చలానా మామగారి పేరున పడింది, మీరిద్దరూ కొట్టుకుంటున్నారు.

పల్సర్_పిచ్చోడు:
అదంతా వదిలేయండి. వెనక కూర్చున్నవాడు రైడర్ అంటే మాత్రం నేను ఒప్పుకోను.